రైతు బజారు: బోర్డు ధర సరే, పావుకిలో లెక్కే తేడా

దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలుపెట్టిన ఏర్పాటు రైతు బజారు. రైతు దగ్గర కమీషను తీసుకోరు. రోజూ పొద్దున్నే ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. హోల్‌సేల్ మార్కెట్ కన్నా కాస్త ఎక్కువ, వీధి బండి కన్నా బాగా తక్కువ. కూరలకు లెక్క చూసుకుని ఖర్చుపెట్టే ఇంటికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

అసలు చిక్కల్లా పావుకిలో దగ్గరే. టమాటా కిలో 26 అని బోర్డు మీద ఉందనుకోండి. పావుకి ఆరున్నర. చిల్లర లేదని పది తీసుకుంటే కిలో 40 పడ్డట్టే, బయట బండి ధరే అయిపోయింది. ఏ పూటకాపూట పావులు కొనుక్కునేది కూలి డబ్బుల మీద బతికే ఇళ్లే. ఎవరి కోసం ధర తగ్గించారో వాళ్లకే ఆ తగ్గింపు దక్కడం లేదన్నమాట. అందుకే "పావు ఇవ్వండి" అనకండి, "పది రూపాయలవి తూచండి" అనండి. కాటా మీద 385 గ్రాములు చూపించాలి. పక్కింటివాళ్లతో కలిసి కిలో కొని పంచుకున్నా సరే.

కాటా మీద ఖాళీ బుట్ట పెట్టాకే సున్నా కనబడాలి. బుట్ట 150 గ్రాములుంటే, కిలో 40 ఉన్న బీరకాయల్లో ఆరు రూపాయలు దానికే పోతాయి.

రైతెవరో పోల్చుకోవడం తేలికే. రెండు మూడు రకాలే కుప్పపోసుకుని, కాయలు చిన్నా పెద్దా కలిసి ఉంటే చాలావరకు రైతే. ఒకే చోట క్యారెట్, క్యాప్సికం, బెండ, దొండ అన్నీ వరసగా పేర్చి ఉంటే అది మారుబేరం కావచ్చు. అనుమానమొస్తే రైతు గుర్తింపు కార్డు అడగండి. బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు అక్కడే ఉంటారు, ఫిర్యాదు ఆయనకే చెప్పాలి.

ఇంకో లోపం, మేలు కాయకీ గిడసబారిన కాయకీ బోర్డు మీద ధర ఒకటే. పొద్దున వచ్చినవాళ్లు ఏరుకుపోతారు, పని దిగి సాయంత్రం వచ్చేవాళ్లకు మిగిలినవే గతి. అప్పుడు బోర్డు ధర ఇవ్వక్కర్లేదు. వెనక్కి మోసుకెళ్లడం రైతుకీ భారమే కాబట్టి బేరం కుదురుతుంది. మెత్తబడ్డ టమాటా పప్పుకో పచ్చడికో బంగారం. వంకాయ మాత్రం ఆ వేళ వద్దు, పుచ్చు లేనివి అప్పటికే వెళ్లిపోయి ఉంటాయి. ఆకుకూరైతే కట్ట విప్పి మధ్యలో చూడండి. పైన నీళ్లు చల్లి ఉంటారు, లోపల ఆకు పసుపెక్కి ఉంటుంది.

దూరమైతే ఆటో ఛార్జీకే మిగులు కాస్తా పోతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి, ఆ సంచీ వాళ్ల చేతికిచ్చి పంపితే గిట్టుబాటు. మగవాళ్లు వెళ్తే వారానికి సరిపడా తెస్తేనే లాభం.