చెయ్యి పైకెత్తితే తెలిసే యూనిఫాం

మా ఎయిర్‌లైన్‌లో క్యాబిన్ క్రూ యూనిఫాం మార్చి కొన్నేళ్లయింది. రంగు, స్కార్ఫ్, హీల్స్ ఎత్తు గురించి ఇప్పటికే చాలామంది మాట్లాడారు. నేను మాట్లాడాలనుకున్నది ఒక్క ముక్క గురించి. అక్షరాలా ముక్కే. ట్యూనిక్‌కి, అంటే ప్యాంటు మీద వేసుకునే పొడవాటి చొక్కాకి, చంక కింద, చెయ్యీ ఒళ్లూ కలిసేచోట, అరచెయ్యంత సాగే గుడ్డ కుట్టారు. చెయ్యి దించి ఉన్నప్పుడు అది కనిపించదు. మా పనిలో చెయ్యి దించి ఉండే సమయమే తక్కువ కాబట్టి నా దృష్టిలో ఈ యూనిఫాంలో అసలు మంచితనమంతా అక్కడే ఉంది.

ఎమిరేట్స్ లాంటి సంస్థలు క్రూని తీసుకునేటప్పుడు మునివేళ్ల మీద నిలబడి 212 సెంటీమీటర్ల ఎత్తు అందుకోవాలని అడుగుతాయి. పైన ఉండే ఎమర్జెన్సీ సామాను అందాలి కదా, అందుకని. ఇక్కడ కూడా ఇంటర్వ్యూలో గోడకి ఆనించి మన చెయ్యి ఎంతవరకు వెళ్తుందో కొలుస్తారు. ఉద్యోగం వచ్చాక యూనిఫాం కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం నిటారుగా నిలబడమంటారు. భుజం, ఛాతీ, నడుం, పొడవు రాసుకుంటారు. చెయ్యెత్తమని ఎవరూ అడగరు. ఫొటోలో బాగుంటే చాలనుకుంటారు. మా పాత యూనిఫాం అలా వచ్చిందే.

అది మోకాళ్ల దాకా ఉండే ఒంటి పీస్ డ్రెస్సు. చాలా అందంగా ఉండేది, అది నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ సీట్ల పైన సామాన్లు పెట్టే బిన్ మూత అందుకోవడానికి రెండు చేతులూ ఎత్తితే డ్రెస్సు మొత్తం పైకి లేచేది. నడవకి రెండు పక్కలా కూర్చున్నవాళ్ల కళ్లు మన తొడల ఎత్తులో ఉంటాయి. అందుకని ఒక చేత్తో మూత నొక్కుతూ రెండో చేత్తో డ్రెస్సు కిందికి లాక్కోవడం మాలో అందరికీ అలవాటైపోయింది. బరువైన బ్యాగు ఉన్న బిన్‌ని ఒంటి చేత్తో మూస్తే భుజం ఏమవుతుందో ఈ పని చేసేవాళ్లకి తెలుసు.

ఒకసారి సంక్రాంతి వెళ్లాక విశాఖపట్నం నుంచి హైదరాబాద్ ఫ్లైట్. పండగకి వచ్చినవాళ్లంతా తిరుగు ప్రయాణంలో ఉన్నారు. బిన్ల నిండా అరిసెల డబ్బాలు, జంతికల డబ్బాలు, అట్టపెట్టెలు. నడవలో కదలడానికి చోటు లేదు. ఒక పెట్టెని పక్కకి జరిపి మూత వేద్దామని చెయ్యి చాపేసరికి కుడి చంక కింద కుట్టు పర్రుమని చిరిగింది. చిన్న చిరుగు కాదు, చంక నుంచి పక్కటెముకల దాకా. నా కోటు గ్యాలీలో, అంటే భోజనాలు సర్దే చోట ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందొక కుటుంబం, వెనకొక కుటుంబం. చెయ్యి ఒంటికి అదిమి పట్టుకుని నవ్వు మొహంతో అలాగే నిలబడ్డాను. లోపల మాత్రం విపరీతమైన టెన్షన్.

పక్క సీట్లో ఉన్న మామ్మగారు చూశారు. "ఇట్రా తల్లీ" అని దగ్గరికి పిలిచి, చేతి గాజులకి తగిలించుకున్న పిన్నీసులు తీశారు. "అటు తిరుగు" అంటూ తన శాలువా అడ్డం పెట్టి చిరుగు లోపలివైపు నుంచి పెట్టేశారు. పిన్నీసు మొన ఒంటికి తగలకుండా అడ్డంగా ఎలా గుచ్చాలో ఆవిడకి బాగా తెలుసు. "వద్దు మామ్మగారూ, మీకు కావాలేమో" అంటే, "నాకెందుకే, ఇంట్లో డబ్బాడు ఉన్నాయి" అన్నారు.

ఆ తర్వాత సేఫ్టీ డెమో. అందులో ఎగ్జిట్లు చూపించాలి, మాస్క్ పైకెత్తి చూపించాలి, లైఫ్ జాకెట్ తల మీదుగా వేసుకోవాలి. పైన కోటు వేసుకుందామంటే దాని చేతులు ఇంకా బిగుతు. డ్రెస్సుతోనే చేశాను, మోచెయ్యి సగం వరకే ఎత్తుతూ. నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం ఇదే. ఆ కాసేపు నా మనసు ఎగ్జిట్ల మీద లేదు, ప్రయాణికుల మీద లేదు, నా చంక మీద ఉంది. విమానం ఖాళీ చేయించాల్సి వస్తే 90 సెకన్లలో జరగాలని మాకు నేర్పిస్తారు. ఆ పని చేయాల్సిన మనిషి బట్టలు ఎక్కడ చిరుగుతాయో అని ఆలోచిస్తూ ఉండకూడదు.

ఆ డ్రెస్సు అత్తాపూర్‌లో మా దర్జీ మాస్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. బిగుతుగా ఉంది కాబట్టి చంక ఇంకాస్త దించి వదులు చేయమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "చంక కిందికి దించితే చెయ్యి లేవదమ్మా. చెయ్యెత్తితే డ్రెస్సు మొత్తం దాంతో పాటే పైకి పోతుంది. చంక పైకుండాలి, ఒంటికి దగ్గరగా ఉండాలి" అన్నారు. ఎంతోమందికి ఒకే కొలతలో సరిపోవాలని రెడీమేడ్‌లో చంక లోతుగా కట్ చేస్తారట, ఇబ్బంది అక్కడే మొదలవుతుందట. పాతకాలం లాల్చీలకి చంక కింద విడిగా చతురస్రం ముక్క పెట్టి కుట్టేవాళ్లని కూడా ఆయనే చెప్పారు. ఆ ముక్క వల్లే అవి తొడుక్కుని పొలంలో పని చేసినా చెయ్యి పట్టేసేది కాదట. కుట్టు మళ్లీ వేసిచ్చారు కానీ, "ఈ కటింగ్‌కి నేను చేయగలిగింది ఇంతే" అన్నారు.

అందుకే కొత్త యూనిఫాం ట్రయల్‌కి వెళ్లినప్పుడు నేను అద్దంలో ముందు చూసుకోలేదు. తొడుక్కోగానే రెండు చేతులూ పైకెత్తాను. ట్యూనిక్ అంచు కొద్దిగా కదిలి ఆగిపోయింది. కింద ప్యాంటు ఉంది కాబట్టి ఆ కాస్త కదిలినా భయం లేదు. అక్కడే చంక తడిమి చూసుకుంటే ఆ సాగే ముక్క చేతికి తగిలింది. ఎవరు ఆలోచించారో కానీ వాళ్లకి మా పని తెలుసు. ఫ్లైట్‌లో మొదటిసారి మొదటి వరస నుంచి చివరి వరస దాకా రెండు చేతులతో బిన్లు మూసుకుంటూ వెళ్లాను. ఆ తర్వాత చాలాకాలం పాటు చెయ్యి దించగానే డ్రెస్సు లాక్కోవడానికి వేళ్లు వాటంతటవే అంచు దగ్గరికి వెళ్లేవి. లాగాల్సిన పనే ఉండేది కాదు.

నడుం పక్కన ఎలాస్టిక్ పెట్టడం కూడా తెలివైన పని. పైకి వెళ్లాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తైన కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. కడుపులో గాలి ఉబ్బుతుంది. నేల మీద సరిగ్గా సరిపోయిన బెల్టు పైన కోస్తుంది. జేబులు ఇంకాస్త లోతుగా ఉండాల్సింది.

కొత్తలో ఈ గుడ్డ నలగదని అందరికీ చెప్పాను. ఇప్పటికీ నలగదు. కానీ అది ఎక్కువ పాలు పాలిస్టర్. మే నెలలో విజయవాడలో తలుపు తీసి ప్రయాణికులు దిగేదాకా నిలబడితే ఒళ్లంతా తడిసిపోతుంది. పాలిస్టర్ చెమట వాసనని కాటన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. ఒక ఉతుకుతో పోదు. ఇంకో సంగతి కూడా మనసులో ఉంటుంది: పాలిస్టర్ సుమారు 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కరిగితే చర్మానికి అతుక్కుంటుంది. ఉన్ని అలా కరగదు, బొగ్గులా మాడుతుంది. నిప్పు దగ్గర పని చేయాల్సి రావొచ్చని ట్రైనింగ్ ఇచ్చేవాళ్లకి ఇచ్చే బట్టలో ఉన్ని ఇంకాస్త కలిపితే బాగుండేది.

నాకెంతో నచ్చిన ఆ ముక్క కూడా మొదట్లో ఉన్నట్టు లేదు. సాగే దారానికి వేడి పడదు. లాండ్రీలో వేడి డ్రయ్యర్, బాగా కాలిన ఇస్త్రీ పెట్టె తగిలి తగిలి ఒక సెట్‌లో అది వదులైపోయింది. రంగు కూడా ట్యూనిక్ కన్నా ముందే వెలిసింది. ఇప్పుడు చెయ్యెత్తితే లేత మచ్చలా కనబడుతోంది. ఇంట్లో చన్నీళ్లలో ఉతికి నీడలో ఆరేసిన సెట్ మాత్రం ఇంకా బాగుంది. డ్యూటీ నుంచి అర్ధరాత్రి ఇంటికొచ్చి మళ్లీ తెల్లవారుజామున రిపోర్ట్ చేయాల్సినవాళ్లని రోజూ ఇలా ఉతుక్కోమని నేను చెప్పలేను.

చుట్టాలు కలిసినప్పుడల్లా చీరైతే ఎంత బాగుండేదో అంటారు. వాళ్ల మాట కొట్టిపారేయను. చీరకి రవిక విడిగా ఉంటుంది, చెయ్యెత్తితే కుచ్చిళ్లు పైకి రావు. రవిక చంక కటింగ్ మన దర్జీలకి కొట్టిన పిండి. 2023 డిసెంబర్‌లో ఎయిర్ ఇండియా తెచ్చిన ఫ్యాషన్ డిజైనర్ మనీష్ మల్హోత్రా డిజైన్‌లో రెడీగా కట్టుకునే చీరని కావాలంటే ప్యాంటు మీద వేసుకునే వీలు కూడా పెట్టారు. ఆ ఆలోచన నాకు నచ్చింది. ఆకాశా ఎయిర్ క్రూకి స్నీకర్లు ఇవ్వడం ఇంకా నచ్చింది. కానీ రెండూ నేను వేసుకుని పని చేయలేదు, పోల్చి మార్కులు వేయలేను.

నా మట్టుకు, ఐదడుగుల రెండంగుళాల ఎత్తుకి, రోజుకి మూడు నాలుగు చిన్న ఫ్లైట్లు తిరిగే డ్యూటీకి, ఈ యూనిఫాం పాతదానికన్నా చాలా మేలు. నాకన్నా పొడవైన కొలీగ్స్‌కి బిన్ సులువుగా అందుతుంది, వాళ్లకి ఈ ముక్క పెద్ద విషయంగా అనిపించలేదు. వాళ్ల ఫిర్యాదులు ప్యాంటు పొడవు గురించే. ఎనిమిది గంటల ఫ్లైట్ చేసేవాళ్లకి చంక కన్నా గుడ్డ ముఖ్యం కావచ్చు. కొత్తగా చేరుతున్నవాళ్లు మాత్రం ట్రయల్ రూమ్‌లో రెండు చేతులూ పైకెత్తి, అలాగే ఒకసారి వంగి చూసుకుని, అప్పుడే సైజు కాగితం మీద సంతకం పెట్టండి. పిన్నీసులు కూడా బ్యాగులో ఉంచుకోండి.