ఓఎల్‌ఈడీనా, క్యూఎల్‌ఈడీనా?

ఈ రెండు రకాల టీవీల పేర్లు కవలల్లా ఉన్నా లోపలి పని వేరు. ఓఎల్‌ఈడీలో ప్రతి పిక్సెల్ (తెర మీది చిన్న చుక్క) తన వెలుగు తానే ఇస్తుంది. నలుపు కావాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. క్యూఎల్‌ఈడీ అసలుకు ఎల్‌సీడీయే: వెనక ఎల్‌ఈడీ దీపాలు, ముందు రంగుల్ని తేటపరిచే క్వాంటమ్ డాట్ పొర. అందుకే చీకటి సీన్లలో నలుపు కాస్త బూడిద రంగుకు తిరుగుతుంది. లోకల్ డిమ్మింగ్ (నలుపు ఉన్న చోట వెనక దీపాల్ని తగ్గించే ఏర్పాటు) ఉంటే ఈ లోపం చాలావరకు తగ్గుతుంది.

రాత్రి లైట్లు ఆర్పేసి సినిమా చూసేవాళ్లకు ఓఎల్‌ఈడీకి సాటి లేదు. పక్కన కూర్చున్నా రంగులు పెద్దగా వెలిసిపోవు. కానీ చాలా ఇళ్లలో టీవీకి డ్యూటీ వేరే: పొద్దున్నుంచి న్యూస్ ఛానల్, మూలన లోగో, కింద ఎర్ర పట్టీ. (అక్షరాలు పరిగెత్తినా పట్టీ కదలదు కదా!) ఏళ్ల తరబడి అలా నిలిస్తే ఓఎల్‌ఈడీ తెర మీద దాని మచ్చ మిగిలిపోవచ్చు. క్యూఎల్‌ఈడీకి ఆ బెంగ దాదాపు లేదు. ఎండ పడే హాల్లో బొమ్మ బాగా కనపడుతుంది, అదే సైజులో ధరా సాధారణంగా తక్కువే.

సౌండ్ రెండింట్లోనూ అంతంతమాత్రమే. సౌండ్‌బార్‌కి డబ్బు పక్కన పెట్టుకోండి.

పగటిపూట సీరియళ్లు, క్రికెట్ నడిచే ఇల్లయితే నా ఓటు లోకల్ డిమ్మింగ్ ఉన్న 55 అంగుళాల క్యూఎల్‌ఈడీకే. షోరూమ్‌లో మాత్రం ఆ మిలమిలలాడే డెమో వీడియో ఆపించి, మీరు రోజూ చూసే ఛానల్ పెట్టించండి.