ఆరేళ్లు వాడిన ట్రాక్టర్, రెండు చక్రాల ట్రక్కు: నా అనుభవం

మా పొలం ఆలమూరు దగ్గర. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండూ వరే. 2019లో మొదటిసారి సొంతంగా 45 హెచ్‌పీ ట్రాక్టర్, దాని వెనక తగిలించే రెండు చక్రాల ట్రక్కు (ట్రైలర్) కొన్నాం.

కొనేటప్పుడు నేనూ హెచ్‌పీ గురించే అడిగాను. మా బాబాయి మాత్రం, “లాగడానికేంరా, లాగేస్తుంది. బండి బరువెంత, బ్రేకులెలా ఉన్నాయో అడుగు” అన్నారు.

ఆ మాట మొదటి సార్వాలోనే అర్థమైంది. 75 కేజీల బస్తాలు 40 వేస్తే 3 టన్నులు. ఖాళీ ట్రక్కే టన్ను పైన ఉంటుంది. ట్రాక్టరేమో రెండు టన్నులు. మా ట్రక్కుకు విడిగా బ్రేకులు లేవు కాబట్టి అంత బరువునీ ట్రాక్టరే ఆపాలి. మనది చదును నేల, ఏం భయం అనుకుంటాం గానీ, చేలోంచి కాలువ గట్టెక్కి అవతల రోడ్డు మీదికి దిగే పది గజాలు చాలు. ట్రాక్టర్‌కు ఎడమ, కుడి వెనక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి, రోడ్డెక్కేటప్పుడు రెంటినీ గడియతో కలిపేయాలి. ఆ రోజు చేలో మలుపుల కోసం విడదీసిన పెడళ్లకు మళ్లీ గడియ వేయలేదు. కాలు ఎడమ పెడల్ ఒక్కదాని మీదే పడింది. బండి గిర్రున తిరిగింది, వెనక నుంచి ట్రక్కు తోసింది. గట్టు అంచున తుమ్మ మొద్దు తగలబట్టి ఆగాం. ఇప్పటికీ సీట్లో కూర్చోగానే ముందు ఆ గడియ చేత్తో తడిమి చూస్తాను. కొత్తగా కొనేవాళ్లు నాలుగు డబ్బులు ఎక్కువైనా బ్రేకులున్న ట్రక్కే తీసుకోండి.

రెండు చక్రాలదే ఎందుకంటే, అందులో కొంత బరువు ట్రాక్టర్ వెనక చక్రాల మీద పడుతుంది, తడి రేగడిలో పట్టు దొరుకుతుంది. నాలుగు చక్రాలదానికి ఆ సాయం ఉండదు, పైగా సన్నటి గట్టు మీద రివర్స్ చేయడం నరకం. రోడ్డు మీద దూరం తోలేవాళ్లకు అదే మేలు.

బస్తాలు పేర్చడంలోనూ జాగ్రత్త కావాలి. మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగ్ పని చేయదు. వెనక్కి వేస్తే ట్రక్కును ట్రాక్టర్‌కు తగిలించే కొక్కెం పైకి లేచి వెనక చక్రాలు జారతాయి. మేం ఇరుసు మీద మొదలుపెట్టి, కొంచెం ముందువైపు ఎక్కువగా పేరుస్తాం. మండపేట మిల్లుకు వెళ్లినప్పుడు కాటా మీద ట్రాక్టర్‌ను, ట్రక్కును ఒకసారి విడివిడిగా తూయించుకోండి, మీ లెక్క తేలిపోతుంది.

పైకి లేచి సరుకు ఒంపేసే హైడ్రాలిక్ తొట్టి గత్తం (పశువుల ఎరువు) తోలడానికి బాగా పనికొచ్చింది. టైర్లు ఒకసారి మార్చాం. కొక్కెం పిన్ను మాత్రం రెండుసార్లు మార్చాను. మొన్న దాళ్వాకు ముందు తీసి చూస్తే నడుమున గోరు దిగేంత గాడి పడి ఉంది. పైన గ్రీజు ఉండటంతో కనపడలేదు, గుడ్డతో తుడిచాకే తెలిసింది.