చిగుళ్లు దెబ్బతిన్నాక పళ్లకు క్లిప్పులు: నా అనుభవం

నలభై దాటాక నా పై ముందు పళ్లు ఎడంగా జరిగి బయటికి రావడం మొదలైంది. ఎక్స్‌రేలో చూస్తే పంటి వేర్ల చుట్టూ ఎముక మూడో వంతు తగ్గిపోయింది. మొదట చూపించుకున్న ఒక క్లినిక్‌లో చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని చెప్పినా ఆ వారమే క్లిప్పులు వేసేస్తామన్నారు. నాకు నచ్చలేదు. వాచిన చిగుళ్లతో పళ్లను జరిపితే మిగిలిన ఎముక కూడా పోతుంది.

నెల్లూరులో చిగుళ్ల డాక్టరు, క్లిప్పుల డాక్టరు కలిసి చూసేచోట చేరాను. ముందు గార తీసి, వేర్ల దాకా శుభ్రం చేశారు. ఒకచోట చిగురు తెరిచి కుట్లు వేయాల్సి వచ్చింది. షుగర్ కూడా అదుపులోకి రావాలన్నారు. ప్రతి పన్ను చుట్టూ సన్న పుల్లతో లోతు కొలిచి, రక్తం రావడం ఆగిందని చూశాకే తీగ వేశారు. నెలలు పట్టింది. ఈ ఓపికే మొత్తం చికిత్సకు ప్రాణం అని నా నమ్మకం.

ఎముక తగ్గిన పన్నుకు పట్టు తక్కువ, కాస్త గట్టిగా లాగితే ఒరిగిపోతుంది. అందుకని చాలా తక్కువ బలంతో, నిదానంగా జరిపారు. నొప్పి అనుకున్నంత లేదు, బిగించినప్పుడు రెండు మూడు రోజులే. తీగను రబ్బరు రింగులతో కాకుండా సన్నటి స్టీలు తీగతో కట్టారు, రబ్బరుకు పాచి ఎక్కువ పడుతుందని.

మాది కనిగిరి వైపు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల మా పళ్ల మీద గోధుమ రంగు మచ్చలుంటాయి. అలాంటి పన్ను మీద క్లిప్పు సరిగా అతుక్కోదు. నావి పక్క పళ్ల మీదవి తరచూ ఊడేవి, ఊడినప్పుడల్లా నెల్లూరు బస్సెక్కాల్సిందే. మన ప్రాంతం వాళ్లు ఈ సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

అసలు పని రాత్రిపూట. సీసాలు కడిగే బ్రష్‌ను బాగా చిన్నది చేసినట్టుండే బ్రష్‌ను తీగ కిందుగా ప్రతి సందులోకీ దూర్చి తోమాలి. అది ఎర్రబడి బయటికొస్తే అక్కడ చిగురు మళ్లీ వాస్తోందన్నమాట. జంతికలు మానేశాను, చేపల పులుసు మాత్రం మానలేదు.

రెండేళ్లు దాటింది. సందులు మూసుకున్నాయి, ముందు పళ్లతో జామకాయ కొరకగలుగుతున్నాను. పోయిన ఎముక తిరిగి రాలేదు, చిగురు దిగినచోట రెండు పళ్ల మధ్య నల్లటి ఖాళీ కనిపిస్తుంది. అది నాకు ఇబ్బందిగా లేదు. పళ్ల వెనక అతికించిన సన్న తీగ జీవితాంతం ఉండాలి, అది విడితే పళ్లు మళ్లీ జరుగుతాయి. మూడు నెలలకోసారి క్లీనింగ్‌కు ఇప్పటికీ వెళ్తున్నాను, తర్వాతిది సంక్రాంతి అయ్యాక.