డబ్బా మీద 1200 చూసి రూటర్ కొనేయకండి: శ్రీకాకుళం వాళ్లకు జాగ్రత్త

శ్రీకాకుళం టౌన్‌లోనో, ఆమదాలవలస, నరసన్నపేట వైపునో ఇంటికి ఫైబర్ నెట్ పెట్టించుకుని, దానికి విడిగా వైఫై రూటర్ కొనాలనుకుంటున్నవాళ్లు డబ్బులు కట్టే ముందు ఇది చదవండి.

మాది 200 ఎంబీపీఎస్ ప్లాన్. నెట్ వాళ్లు బిగించిన డబ్బా ముందు గదిలో ఉంటుంది, వెనక గదికి సిగ్నల్ అందదు. అందుకని టౌన్‌లో ఒక షాపుకి వెళ్లి, మా ప్లాన్ ఎంతో చెప్పి మరీ దానికి సరిపోయే రూటర్ అడిగాను. షాపాయన ‘ఏసీ1200’ అని రాసున్న డబ్బా తీసి, "ఏటి మాస్టారూ, 1200 అని రాసుంటే మీ 200కి సరిపోదేటి?" అన్నాడు. బిగించడానికి వాళ్ల కుర్రాడినే పంపాడు.

స్పీడ్ టెస్ట్ చేస్తే 93, 94. రూటర్ పక్కనే నిలబడి చూసినా అంతే, అర్ధరాత్రి చూసినా అంతే. అదే ఫోన్‌ని నెట్ వాళ్ల డబ్బాకి కలిపితే 190 దాటుతోంది.

వైఫై స్పీడు మామూలుగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అలా కాకుండా ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతోందంటే ముందు పోర్టును అనుమానించాలి. రూటర్ వెనక నెట్ వైరు దిగే సాకెట్‌ని వాన్ పోర్టు అంటారు. చవక రూటర్లలో చాలావాటికి అది 10/100 రకం, అంటే గరిష్ఠంగా 100. డేటాతో పాటు వెళ్లే అడ్రసుల వగైరా పోగా మన చేతికి వచ్చేది 94 చిల్లర. చెరువులో ఎన్ని నీళ్లున్నా తూము పట్టినంతే కదా బయటికొచ్చేది. 100 దాటిన ప్లాన్‌కి 10/100/1000 అని, లేదా గిగాబిట్ అని రాసున్న పోర్టు ఉండాలి. ఈ ముక్క డబ్బా వెనకో పక్కనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందువైపు ఎందుకు వెయ్యరో మీకే తెలుసు.

మరి 1200 ఎక్కడిది? అది ఇంటర్నెట్ స్పీడు కానే కాదు. రూటర్ వైఫై సిగ్నల్‌ని రెండు దారుల్లో పంపుతుంది, వీటినే బ్యాండ్లు అంటారు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద 867 కలిపితే 1167. దాన్ని గుండ్రం చేసి 1200 అంటారు. ఫోన్ మామూలుగా ఒకసారికి ఒక్క బ్యాండ్‌కే కలుస్తుంది కాబట్టి ఆ మొత్తం ఏ ఒక్క ఫోన్‌కీ రాదు. పైగా అవి గాలిలో లెక్కలు, అదీ కాగితం మీద. 2.4 గోడలు దాటి కాస్త దూరం పోతుంది గానీ నెమ్మది, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అక్కడే కొట్టుకుంటాయి. 5 వేగంగా ఉంటుంది, రెండు గోడలు అడ్డమొస్తే చతికిలపడుతుంది.

ఇంతటితో అయిపోలేదు. ఆ కుర్రాడు లాగిన వైరు కొస చూశాను. ప్లాస్టిక్ క్లిప్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి లోపలి రంగులు కనబడతాయి. ఎనిమిది తీగలకు గాను నారింజ జత, ఆకుపచ్చ జత మాత్రమే క్లిప్‌లోకి వెళ్లాయి. నీలం, గోధుమ జతలు బయటే కత్తిరించేసి ఉన్నాయి. 100కి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. అంటే రేపు మంచి రూటర్ తెచ్చినా ఆ వైరు మళ్లీ 100 దగ్గరే ఆపేస్తుంది. కత్తిరించిన తీగని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడింది. రాగి వైరని చెప్పి అమ్మింది అల్యూమినియం మీద రాగి పూత! సీసీఏ అంటారు దీన్ని. మెలితిప్పితే తొందరగా విరుగుతుంది, దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనపడుతుంది.

వెనక్కి తీసుకోమంటే, "డబ్బా ఓపెన్ చేసేశారు కదండీ, మరింక తీసుకోం" అన్నారు. వైరుకి బిల్లే ఇవ్వలేదు. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మీరు మాత్రం బిల్లు మీద మోడల్ నెంబరుతో పాటు "గిగాబిట్ పోర్టు" అని కూడా రాయించుకోండి. రాయడానికి షాపువాళ్లు నసిగితే అక్కడితో ఆపి ఇంకో షాపు చూసుకోండి.

ఈ గొడవలో మా వీధిలో ఇంకొకరు కంగారుపడ్డ సంగతి కూడా చెప్తాను. 200 ప్లాన్‌కి డౌన్‌లోడ్ 25 దగ్గరే ఆగిపోతోందని టెన్షన్ పడుతున్నారు. అందులో మోసమేమీ లేదు. ప్లాన్ బిట్లలో చెప్తారు, డౌన్‌లోడ్ బైట్లలో చూపిస్తుంది, ఎనిమిది బిట్లు ఒక బైటు. 200ని ఎనిమిదితో భాగిస్తే 25, అంటే ఆయనకి పూర్తి స్పీడు వస్తున్నట్టే. వాన్ పోర్టు సంగతి డబ్బా మీదే చూసుకోవాలి. రూటర్‌కి లాప్‌టాప్ కలిపే పోర్టు, వైరు సంగతి తేల్చుకోవాలంటే లాప్‌టాప్‌ని వైరుతో రూటర్‌కి కలిపి, విండోస్ సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడు చూడండి. 1000/1000 ఉంటే ఆ పోర్టూ ఆ వైరూ బాగున్నట్టే. 100/100 చూపిస్తే వైరు మార్చి ఒకసారి, పోర్టు మార్చి ఒకసారి చూడండి, లాప్‌టాప్ పోర్టే 100 రకమేమో అదీ చూసుకోండి.

ఆ రూటర్‌ని పారెయ్యక్కర్లేదు. మా చెల్లి వాళ్లది 40 ప్లాన్, వాళ్లింట్లో పెడుతున్నాను. వైరు మాత్రం మొత్తం పీకించేశాను.