రిటైరయ్యేవాళ్లకు సీజీహెచ్ఎస్ కార్డా, ఎఫ్ఎంఏనా? ఇన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాక హైదరాబాదులోనో, విశాఖలోనో, విజయవాడలోనో ఉండిపోయేవాళ్లయితే పదేళ్ల చందా ఒకేసారి కట్టేసి సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) జీవితకాలపు కార్డు తీసుకోండి. సొంతూరికి వెళ్లిపోయేవాళ్లయితే ఓపీకి (ఆస్పత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యానికి) బదులుగా నెలనెలా ఎఫ్ఎంఏ (పింఛనుతోపాటు ఇచ్చే స్థిర వైద్య భత్యం) తీసుకుంటూ, ఆస్పత్రిలో చేరాల్సి వస్తే అక్కరకొచ్చేలా సీజీహెచ్ఎస్ కార్డు కూడా చేయించుకోండి. ఒక్క ఎఫ్ఎంఏతో మాత్రం సరిపెట్టుకోకండి. 2017 చివర్లో రిటైరైనప్పటి నుంచి నేనూ మా ఆవిడా హైదరాబాదులో ఈ కార్డు మీదే వైద్యం చేయించుకుంటున్నాం. మిర్యాలగూడలో ఉండే మా బావమరిది రెండో పద్ధతిలో ఉన్నాడు. రెండు ఇళ్లలోనూ దగ్గరుండి చూసిందే రాస్తున్నాను.

సర్వీసులో ఉన్నప్పుడు జీతంలోంచి చందా కోసుకుంటారు కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించం. రిటైరయ్యాక మనంతట మనం కట్టాలి. చివరి జీతం ఏ లెవెల్లో ఉందో దాన్నిబట్టి నెలకు 250, 450, 650, 1000 రూపాయలని నాలుగు రకాలున్నాయి. లెవెల్ 7 నుంచి 11 వరకు 650. ఏడాదికి 7,800. ఏటా కట్టుకోవచ్చు, లేదా 120 నెలల చందా 78,000 ఒకేసారి కడితే ఇక జీవితాంతం కట్టక్కర్లేదు. నేను గ్రాట్యుటీ రాగానే అందులోంచి ఒకేసారి కట్టాను. తర్వాత చందా పెంచినా మనకు తగలదు. ఏటా గుర్తుపెట్టుకుని కట్టే పనీ తప్పుతుంది. డెబ్బై దాటాక ఆ చిన్న పనే ఎంత బరువో మా కాలనీలో ఏటా కట్టే పెద్దవాళ్లను చూస్తే తెలుస్తుంది.

ఆ 78,000 చూసి చాలామంది వెనకాడతారు. ఒక్కసారి ప్రైవేటు పాలసీతో పోల్చి చూడండి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కొత్త పాలసీకి ఉన్న 65 ఏళ్ల వయోపరిమితి తీసేసింది, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. రెండూ మంచివే. అయినా ప్రైవేటు పాలసీలో వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరుగుతుంది, బీమా మొత్తానికి ఒక హద్దు ఉంటుంది, ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. అరవై ఏళ్లకు షుగరో బీపీయో లేని ఇల్లు ఏది? సీజీహెచ్ఎస్‌లో ఆగాల్సిన గడువు లేదు, ఏడాదికి ఇంతేనన్న పరిమితి లేదు, ఓపీ మందులు కూడా ఇస్తారు. ఈ చివరిదాని విలువ రిటైరయ్యే రోజున ఎవరికీ తెలియదు.

మా ఆవిడకు షుగరు, బీపీ, థైరాయిడ్. ఇన్సులిన్ వాడుతుంది. నాకు గుండెకు స్టెంటు వేశాక రోజూ వేసుకోవాల్సిన మాత్రలున్నాయి. ఇవన్నీ బయట కొంటే నెలనెలా పింఛనులో పెద్ద ముక్కే పోతుంది. వెల్‌నెస్ సెంటర్లో (పాతవాళ్లం ఇంకా డిస్పెన్సరీ అనే అంటాం) దీర్ఘకాలపు జబ్బులకు స్పెషలిస్టు రాసిన చీటీ చూపిస్తే మూడు నెలలకు సరిపడా ఒకేసారి కూడా ఇవ్వొచ్చు. అక్కడ స్టాకు లేనివాటికి ఇండెంట్ పెడతారు, అవి లోకల్ కెమిస్టు నుంచి తెప్పిస్తారు. వాటికోసం ఇంకోసారి వెళ్లాలి. ఆ తిరుగుడుకు సిద్ధపడాలి. అందుకే ఇల్లు తీసుకునేటప్పుడు పెద్ద ఆస్పత్రి ఎంత దూరమని కాదు, వెల్‌నెస్ సెంటర్ ఎంత దూరమని చూడండి. ఆస్పత్రికి ఎప్పుడో వెళ్తాం, మందులకు ఎప్పుడూ వెళ్తూనే ఉంటాం.

మందుల విషయంలో ఒక జాగ్రత్త. ఒకసారి ఇచ్చిన కంపెనీ మాత్ర ఇంకోసారి రాదు, మందు అదే అయినా రంగూ ఆకారమూ మారతాయి. మా ఆవిడ ప్రతి పెట్టె మీదా అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రా అన్నది తెలుగులో రాసి పెడుతుంది. పాత పట్టీ, కొత్త పట్టీ రెండూ వేసేసుకునే ప్రమాదం పెద్దవాళ్లకు నిజంగా ఉంది.

ఆస్పత్రుల సంగతి. అత్యవసరమైతే రిఫరల్ (వెల్‌నెస్ సెంటర్ డాక్టరు రాసిచ్చే చీటీ) అక్కర్లేదు. ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి మా అబ్బాయి నన్ను తీసుకెళ్లింది ఎంపానెల్ అయిన (సీజీహెచ్ఎస్ జాబితాలో ఉన్న) ఆస్పత్రికే. అక్కడ డెస్కు దగ్గర "సార్, సీజీహెచ్ఎస్ బెడ్లు ఖాళీ లేవు, డిపాజిట్ కట్టి చేర్పించండి, తర్వాత క్లెయిమ్ పెట్టుకోండి" అన్నారు. మావాడు "సరేనండీ, పింఛనుదారుడికి క్రెడిట్ ఇవ్వలేమని ఆ మాటే కాగితం మీద రాసివ్వండి" అన్నాడు. కాసేపటికి బెడ్డు దొరికింది. పింఛనుదారులకు ఎంపానెల్ ఆస్పత్రుల్లో డబ్బు కట్టకుండా వైద్యం అందాలన్నది నిబంధన. ఈ సంగతి మీతోపాటు మీ పిల్లలకూ తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ సమయంలో మాట్లాడేది మనం కాదు.

ఆస్పత్రులు ఎందుకు అలా జంకుతాయో కూడా తెలుసుకోవాలి. చాలా చికిత్సల ధరలు 2014 నుంచి పెద్దగా మారలేదు, పైగా బిల్లులు ఆలస్యంగా వస్తున్నాయని ఆస్పత్రులు మొత్తుకునేవి. 2025 అక్టోబరు 13 నుంచి దాదాపు రెండువేల చికిత్సలకు కొత్త ధరలు వచ్చాయి. ఇది మనకు మేలు చేసే మార్పు. ధర గిట్టుబాటయితేనే కదా ఆస్పత్రి కార్డు చూసి మొహం చిట్లించకుండా ఉండేది.

మా ఆవిడ మోకాలి ఆపరేషను మాత్రం తొందర లేనిది కాబట్టి పద్ధతి ప్రకారం జరిగింది. వెల్‌నెస్ సెంటర్లో డాక్టరు చూసి రిఫరల్ ఇచ్చారు, ఆస్పత్రి మేమే ఎంచుకున్నాం. లోపల పెట్టే ఇంప్లాంట్‌కు సీజీహెచ్ఎస్ ఒక గరిష్ఠ ధర పెట్టింది. అంతకన్నా ఖరీదైనది కావాలంటే తేడా మనదే. ఆపరేషనుకు ముందురోజు ఎవరైనా వచ్చి "ఇది ఇంకా మంచిదమ్మా" అంటే, ఎంత తేడా పడుతుందో కాగితం మీద అడిగి తీసుకోండి. డెబ్బై నిండినవాళ్లు ఇప్పుడు రిఫరల్ లేకుండానే ఎంపానెల్ ఆస్పత్రిలో స్పెషలిస్టును నేరుగా చూపించుకోవచ్చు. ఇంతకుముందు ఇది 75 ఏళ్లకు ఉండేది. వార్డు చివరి మూలవేతనాన్నిబట్టి ఉంటుంది: 36,500 దాకా జనరల్, 50,500 దాకా సెమీ ప్రైవేటు, ఆపైన ప్రైవేటు.

ఇంకో గొప్ప సౌకర్యం: కార్డు దేశంలో ఏ సీజీహెచ్ఎస్ నగరంలోనైనా చెల్లుతుంది. అమ్మాయి దగ్గరికి బెంగళూరు వెళ్లినప్పుడు మందులు అక్కడి వెల్‌నెస్ సెంటర్లోనే తెచ్చుకుంటాం.

ఇక మా బావమరిది సంగతి. సీజీహెచ్ఎస్ లేని ఊళ్లో ఉండే పింఛనుదారులకు 2017 జులై నుంచి ఎఫ్ఎంఏ నెలకు వెయ్యి రూపాయలు. ఏడాదికి 12,000 అంటే మా లెవెల్ చందా కన్నా ఎక్కువే. ఈ లెక్క చూసే చాలామంది ఉత్త ఎఫ్ఎంఏ తీసుకుని కార్డు వదిలేస్తారు. వెయ్యి రూపాయలు డాక్టరు ఫీజుకూ నాలుగు మాత్రలకూ సరిపోతాయేమో గానీ, బైపాసుకు ఏం సరిపోతాయి? వాడు 78,000 కట్టి ఐపీకి (ఆస్పత్రిలో చేరే వైద్యానికి) కార్డు ఉంచుకున్నాడు, ఓపీకి ఎఫ్ఎంఏ తీసుకుంటున్నాడు. ఆరున్నరేళ్ల ఎఫ్ఎంఏతో కట్టిన చందా తిరిగొచ్చినట్టే. కంటి ఆపరేషనుకూ, తర్వాత ప్రొస్టేట్‌కూ హైదరాబాదు వచ్చి చేరాడు, పెద్దగా చేతి డబ్బు పడలేదు. వాడికున్న ఇబ్బంది దూరమే. మిర్యాలగూడ నుంచి రాత్రిపూట అత్యవసరంగా బయల్దేరాలంటే దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలోనే ముందు చేరాలి. అది ఎంపానెల్ కాకపోయినా అత్యవసరమని డాక్టరు రాసిస్తే ఖర్చు క్లెయిమ్ చేసుకోవచ్చు. కాకపోతే సీజీహెచ్ఎస్ ధర మేరకే వస్తుంది, మిగతాది మనం భరించాలి. అందుకని ఊళ్లో ఉండేవాళ్లు రెండు మూడు లక్షలు బ్యాంకులో కదల్చకుండా ఉంచుకోవడం అవసరం.

హైదరాబాదులో ఉంటూ కార్డు వద్దని ఎఫ్ఎంఏ అడిగితే ఇవ్వరు. అది సీజీహెచ్ఎస్ లేని చోట ఉండేవాళ్లకే. ఎఫ్ఎంఏ నుంచి సీజీహెచ్ఎస్ ఓపీకి, ఆ ఓపీ నుంచి ఎఫ్ఎంఏకు మారే అవకాశం జీవితంలో ఒక్కసారే. కాబట్టి ఊరా, నగరమా అన్నది భార్యాభర్తలు కూర్చుని తేల్చుకున్నాకే ఫారం మీద సంతకం పెట్టండి.

డెబ్బై దాటినవాళ్లకు 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు వచ్చింది. ఏడాదికి ఐదు లక్షల దాకా ఆస్పత్రి వైద్యం, ఆదాయంతో పని లేదు. ఏ బీమా లేనివాళ్లకు ఇది పెద్ద అండ, మీ ఇంట్లో అలాంటివాళ్లుంటే వెంటనే చేయించండి. సీజీహెచ్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం రెంటిలో ఒకటే ఎంచుకోవాలి. ఓపీ లేని, ఐదు లక్షల హద్దున్న పథకం కోసం మన కార్డు వదులుకోవడం నా దృష్టిలో తప్పు. ప్రైవేటు కంపెనీల్లో ఈఎస్ఐ కింద పనిచేసి రిటైరైన బంధువులుంటే ఒకమాట చెప్పండి: ఐదేళ్లు ఈఎస్ఐ చందా కట్టి వయసు వచ్చి దిగిపోయినవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. తెలియక వదిలేసుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

రిటైరయ్యే నెలకు ముందే పని మొదలుపెట్టండి. సర్వీసు కార్డు వెనక్కి ఇచ్చినట్టు మీ ఆఫీసు నుంచి కాగితం, చివరి జీతం ధ్రువపత్రం, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు, చిరునామా రుజువు, చందా కట్టిన రసీదు, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి. పీపీఓ ఆలస్యమైతే ప్రొవిజనల్ పీపీఓతో కూడా అడగొచ్చు. భర్త పోయాక కుటుంబ పింఛను వచ్చే భార్య మరణ ధ్రువపత్రం ఇచ్చి కార్డు తన పేరున మార్పించుకోవచ్చు. ఆ పని ఎక్కడ, ఎవరి దగ్గర చేయించాలో ఇద్దరూ కలిసి వెల్‌నెస్ సెంటర్‌కు వెళ్లినప్పుడే ఆమెకు చూపించి ఉంచండి.