పాత జీపు బ్రేక్ డ్రమ్ములకు నల్లగొండ లేత్ షాపు: పని ఎట్లుంది?

ఇంటి షెడ్డులో పాత మహీంద్రా జీపును విప్పి బాగుచేసుకునేవాళ్లు చాలా పనులు సొంతంగా చేసుకోవచ్చు. బ్రేక్ డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె) లోపలి ముఖం కోయడం మాత్రం లేత్ (తిప్పుతూ ఇనుమును కోసే యంత్రం) లేకుండా కాదు. నల్లగొండ దేవరకొండ రోడ్డులోని ఈ షాపు ఆ పనికి నమ్మదగ్గది.

కోయడానికి ముందు మేస్త్రి పడే శ్రమే ఇక్కడ అసలు విలువ. డ్రమ్మును బిగించి, డయల్ గేజీ (సన్నటి వంకరను ముల్లుతో చూపే కొలత సాధనం) ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతడు. ముల్లు ఊగితే సర్ది మళ్లీ బిగిస్తడు. ఇది తప్పితే కొత్త గుండ్రం హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) పక్కకు పడి, బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ కాలికి ఎదురు తంతది. వ్యాసంలో మొత్తం 1.5 మి.మీ. మించి తీయాల్సొస్తే కోయనని మొహం మీదే చెప్తడు. అది మంచి మాట, పల్చటి డ్రమ్ము వేడికి సాగుతది. నీలం మచ్చలున్నచోట ఇనుము గట్టిపడి కోసే టూలు ఎగురుతది, అట్లాంటివి మార్చడమే మేలు.

లోపం ఒకటుంది. గిరాకీ ఎక్కువున్న రోజు చివరి కోత గరుకుగా వదిలేస్తరు, గోరు ఆనిస్తే గీతలు తగులుతయి. ఎమరీ (నునుపు చేసే గరుకు గుడ్డ) పట్టించమని నిలబడి అడగాలె, లేకుంటే కొత్త లైనర్లు (డ్రమ్ముకు లోపల ఒత్తుకునే బ్రేకు పట్టీలు) తొందరగా అరుగుతయి.

బేరింగులు తీసి, గ్రీసు కడిగి, ఒకే ఇరుసు మీది రెండు డ్రమ్ములూ కలిపి ఇవ్వండి. ఒకటే కోయిస్తే బండి పక్కకు లాగుతది. ఇంటికి తెచ్చినంక సబ్బునీళ్లతో కడిగి వెంటనే తుడవండి. డ్రమ్ము పెద్దదైంది గనుక లైనర్ మధ్యలోనే ఆనుతది. డ్రమ్ము లోపల చాక్‌పీసు రుద్ది తిప్పి చూసి, లైనర్ మీద చాక్ అంటిన ఎత్తున్నచోట ఆకురాయితో తీయండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకు హాని చేసే నార) ఉండొచ్చు, ఆ పొడిని గాలితో ఊదొద్దు, తడిగుడ్డతోనే తుడవండి.